ఎండు మానులో కాపురం

 

రేపు వ్యవసాయ పట్టభద్రులైన మిమ్మల్ని రైతు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. "సార్, చేనుకు పేనుబంక పట్టింది. ఏ మందు కొట్టమంటారు?" జవాబు చెప్పేముందు మీరొక చిన్న ప్రాణిని తలుచుకోవాలని నా కోరిక.

యూరప్‌లో పాసలోకస్ అనే ఒంటరి కందిరీగలున్నాయి. నల్లగా, సన్నగా, సెంటీమీటరు పొడవు కూడా ఉండవు. తుట్టె లేదు, కూలీ ఈగలు లేవు. ఎండిన మానులో పెంకుపురుగులు తొలిచి వదిలేసిన బెజ్జమే ఇల్లు. తల్లి పేనుబంక పురుగులను ఒక్కొక్కటిగా దవడలతో కరిచి తెచ్చి అందులో కూరుతుంది. గుడ్డు పెట్టి, చెట్టు బంకతో గోడ కట్టి, దాని ముందు మరో గది మొదలుపెడుతుంది. ఒక్కో పిల్లకు పదుల కొద్దీ పురుగులు కావాలి. వీటిలో ఒక రకం పైన్ చెట్ల మీద తన బెజ్జం చుట్టూ బంక చుక్కలు అంటిస్తుంది, పండగపూట గడపకు బొట్లు పెట్టినట్టు. ఆ జిగురు చీమలను ఆపుతుందని పరిశోధకులు భావిస్తారు.

ఇప్పుడు ఆ చెట్టు మీద మందు చల్లారనుకోండి. పురుగూ చస్తుంది, దాన్ని వేటాడేదీ చస్తుంది. కానీ పేనుబంకలో ఆడవి మగతోడు లేకుండానే పిల్లల్ని పెడతాయి; వారం పది రోజుల్లో ఆ పిల్లలూ తల్లులవుతాయి. కందిరీగకు ఏడాదికి ఒకటో రెండో తరాలు. ముందుగా తిరిగొచ్చేది ఎవరో మీకు వేరే చెప్పనక్కర్లేదు. మందు మీద మందు కొట్టి అప్పులపాలైన రైతును చూసినప్పుడల్లా నాకు ఈ లెక్కే గుర్తొస్తుంది, మనసు కలుక్కుమంటుంది.

ఇలాంటి వేటపురుగులు బతికే చోటు ఎలాంటిదో చూడండి. ఫ్రాన్స్‌లో కీటక శాస్త్రవేత్త ఫాబర్ 1879లో సెరిన్యాన్ దగ్గర ముళ్లతో నిండిన బీడు కొన్నాడు. సాగుకు పనికిరాని ఆ నేలలోనే 1915లో కన్నుమూసేదాకా కందిరీగలను, వాటి వేటను గమనించాడు. పనికిరాదని మనం ఊడ్చేసే చోటే అవి బతుకుతాయి.

మన వేరుశనగ, బొబ్బర చేలల్లో ఈ కాపలా పని ఎక్కువగా అక్షింతల పురుగులది. వాటి పిల్లపురుగులు నల్లగా, ముళ్లముళ్లుగా ఉంటాయి; చీడ అనుకుని రైతు నలిపేస్తాడు. అందుకే ఫోన్లోనే మందు పేరు చెప్పకండి. చేలోకి దిగండి, ఆకు తిప్పండి, ఆ పిల్లపురుగును రైతుకు చూపించండి. మందు కావాలో వద్దో ఇద్దరూ కలిసి తేల్చుకోండి. కందిరీగలకు ఇల్లయ్యే గట్టు మీది ఎండు మోళ్లను మాత్రం తగలబెట్టనివ్వకండి.