కవల గర్భము - హార్మోను చికిత్స

కడుపులో కవలలున్నారని వైద్యురాలు చెప్పగానే ఇంటిల్లిపాదికిని సంతోషము. ఆ వెంటనే ఒక భయము: నెలలు నిండునా? ఈ భయము నిరాధారము కాదు. 37 వారములు నిండకముందు జరుగు కాన్పును అకాల ప్రసవమందురు. కవలలలో సగముకంటె ఎక్కువమంది ఇట్లే జన్మింతురు. ఊపిరితిత్తులు పక్వము కాకుండుట, పాలు చప్పరించు శక్తి లేకుండుట, ఒంటి వేడి నిలువకుండుట ఈ శిశువుల ఇక్కట్లు.

గర్భము నిలుచుటకు ప్రొజెస్టిరోన్ అను హార్మోను అవసరము. 1929లో కార్నర్, ఆలెన్ అను అమెరికా శాస్త్రజ్ఞులు కుందేళ్లపై పరీక్షలు జరిపి దీని ప్రభావమును నిరూపించిరి. ఇది గర్భాశయ కండరములను శాంతపరచును. కనుక దీనిని బయటినుండి ఇచ్చినచో కాన్పు వెనుకకు జరుగునని వైద్యులు తలచుట సహజమే. 2003లో, మునుపు అకాల ప్రసవమై మరల ఒకే శిశువును మోయుచున్న స్త్రీలకు ఈ జాతి మందును వారమునకొక సూది చొప్పున ఇచ్చి చూడగా మేలు కనిపించినది. తరువాతి పెద్ద పరీక్షలో ఆ మేలు రుజువు కాలేదు. 2023లో అమెరికా ప్రభుత్వము ఆ సూదిమందునకు అనుమతిని ఉపసంహరించినది.

మరి కవలల మాట? 2007లో అమెరికాలో ఆరువందలకు పైబడిన కవల గర్భిణులకు కొందరికి మందును, కొందరికి ఉత్త సూదిని ఇచ్చి పోల్చిరి. భేదము కానరాలేదు. 2009లో బ్రిటనులో 500 మందిపై, యోనిమార్గమున ఉంచు ప్రొజెస్టిరోన్‌తో జరిపిన పరీక్షయు అదే చెప్పినది. కావున కవలలున్నారన్న ఒక్క కారణమున ప్రతి గర్భిణికిని ఈ మందు ఇయ్యవలసిన పని లేదు.

అయితే ఒక మినహాయింపు కలదు. గర్భాశయ కంఠము 25 మిల్లీమీటర్లు, లేక అంతకు తక్కువగా కుదించుకొనిపోయిన కవల గర్భిణులకు యోనిమార్గమున ఇచ్చు ప్రొజెస్టిరోన్ తోడ్పడునని పలు పరీక్షల ఫలితములను కలిపి చూచినవారు కనుగొనిరి. ఈ కొలత స్కానింగులో తెలియును. సుమారు అయిదవ నెలలో చూపించుకొనుట మంచిది.

మంచము దిగకుండ పడుకొనుటవలన కాన్పు ఆగదు. విడిచి విడిచి పొత్తికడుపు బిగియుట, నడుము నొప్పి, ఉమ్మనీరు పోవుట, రక్తము కనబడుట జరిగినచో తెల్లవారువరకు వేచియుండరాదు. నెలలు తక్కువ శిశువులను కాపాడు వసతిగల ఆసుపత్రికి వెంటనే చేరవలెను. అచట తల్లికిచ్చు స్టెరాయిడ్ సూది శిశువుల ఊపిరితిత్తులను త్వరగా పక్వము చేయును. దీనిని 1972లో న్యూజీలాండునందు లిగ్గిన్స్, హోవీ అను వైద్యులు లోకమునకు తెలిపిరి. ప్రసవమునకు ఒకటి రెండు దినముల ముందుగా పడినచో దీని ఫలము మెండు. ఆ వ్యవధి చిక్కవలెనన్న సకాలమున బయలుదేరుట కుటుంబమువారి చేతిలోనున్నది.