పిల్లలకు పది, నూరు, వెయ్యి హెచ్చవేత నేర్పుట

(సాయంకాలపు బడి ఉపాధ్యాయుల కూడికలో చేసిన ప్రసంగము)

ఈ పూట లెక్కలను గూర్చి మాట్లాడుమని అడిగితిరి. సంతోషమే.

పదిచేత హెచ్చవేయవలెనంటే "ప్రక్కన ఒక సున్న పెట్టు" అని చెప్పి ఊరకుండుట మనలో వాడుక. 23ను పదిచేత హెచ్చవేస్తే 230. జవాబు సరియే, తరగతి గడచును. అయితే పై తరగతిలో దశాంశములు రాగానే అదే బిడ్డ 2.5ను పదిచేత హెచ్చవేసి 2.50 అని వ్రాయును. సున్న పెట్టెను గదా! రెండున్నర మాత్రము రెండున్నరగానే ఉన్నది. అక్కడనుండి లెక్కలంటే భయము పట్టుకొనును. ఆ భయముతో బడి మానిన పిల్లలను మనమందరము ఎరుగుదుము.

మేము ఈనెపుల్లలతో మొదలుపెట్టుదుము. నేలమీద సుద్దతో గదులు గీసి, కుడినుండి ఎడమకు ఒకట్లు, పదులు, వందలు అని పేర్లు పెట్టుదుము. పది పుల్లలు ఒక కట్ట, పది కట్టలు ఒక మోపు. (చీపురు ఒకటి చాలదు, ఇంటిలో అడిగియే తెచ్చుకొనుడి.) 23 అనగా రెండు కట్టలు, మూడు విడి పుల్లలు. ఇప్పుడు ప్రతి పుల్లకు బదులు ఒక కట్ట, ప్రతి కట్టకు బదులు ఒక మోపు ఉంచుమందుము. అన్నియు ఒక గది ఎడమకు జరుగును. "ఒకట్ల గదిలో ఏమీ లేదండీ అయ్యగారూ" అని పిల్లలే అందురు. ఏమీ లేదని చూపుటకే అక్కడ సున్న. నూరైతే రెండు గదులు, వెయ్యి అయితే మూడు గదులు జరుగును.

దశాంశమునకును ఇదే పద్ధతి. 2.5లో 2 పదుల గదికి, 5 ఒకట్ల గదికి వచ్చును, 25. రూపాయలతో చూపితే ఇంకను సులువు. 1957 ఏప్రిల్ 1కి ముందు రూపాయికి పదహారణాలు గనుక రెండు రూపాయల ఎనిమిదణాలను ఈలాగు జరుపుటకు వీలులేదు. నూరు పైసలైన తరువాత 2.50 జరిగి 25.00 అగును.

50ని 20చేత హెచ్చవేయుమంటే చాలమంది 100 అని వ్రాయుదురు. అయిదు రెళ్లు పది; ఆ పదిలో ఉన్న సున్ననే లెక్కకట్టి, జరుపవలసిన రెండు గదులలో ఒకటి మరచుదురు. జవాబు 1,000. ఈ లెక్క దగ్గర తొందరపడకుడి, రెండు దినములు పట్టినను ఫరవాలేదు.

కొంచెము పెద్ద పిల్లలకు వడ్డీ లెక్క ఇయ్యుడి. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి నాన్న పదివేలు తెచ్చెను. పదివేలలో నూర్లెన్ని? రెండు గదులు కుడికి జరిపితే నూరు నూర్లు. నెలకు 200, ఏడాదికి 2,400. ప్రామిసరీ నోటుమీద అంకెల ప్రక్కన "అక్షరాలా వెయ్యి రూపాయలు" అని ఎందుకు వ్రాయింతురో కూడ వారినే అడుగుడి. 1,000 చివర ఎవరైన ఒక సున్న గీసితే ఏమగునో ఈనెపుల్లలు పట్టుకొన్న బిడ్డ వెంటనే చెప్పును.