మయసభయు, మన పఠనమందిరమును



మనము కట్టదలచిన నూతన భవనమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్నాజ్ఞాపించిరి. నేను ఊరి లెక్కలు వ్రాసికొనువాడనే గాని శిల్పశాస్త్రము చదివినవాడను గాను. ఐనను క్రిస్టఫర్ అలెగ్జాండరను వాస్తుశాస్త్రాచార్యుని గూర్చి చదివినంత మేరకు విన్నవింతును.

ఆయన 1936లో వియన్నాలో జన్మించి, ఇంగ్లండులో గణితమును వాస్తువిద్యను అభ్యసించి, అమెరికాలో బర్కిలీయందు చిరకాలము ఆచార్యుడై, 2022లో కీర్తిశేషుడయ్యెను. యౌవనమున గుజరాతులోని ఒక పల్లెలో కొన్నాళ్ళు నివసించెను. 1964లో ప్రకటించిన గ్రంథమున 600 మంది జనముగల భారతీయ గ్రామమును ఉదాహరణముగా గైకొని, దాని అవసరములను 141గా లెక్కించెను. పశువులు, బండ్లు, వంటచెరకు ఒక వర్గము, సేద్యము, నీరు ఒకటి, ఊరుమ్మడి జీవనమొకటి, ఇంటి బ్రతుకొకటి. ఏది దేనితో పెనవేసికొన్నదో కంప్యూటరు సాయమున తేల్చెను. ముప్పదియేండ్లుగా పద్దులు వ్రాయుచున్న నాకు ఆ పట్టిక చూడగనే ప్రాణము లేచివచ్చినది. కాని ఆయనకు తృప్తి కలుగలేదు. మనుష్యుని విడిచి పద్ధతినే శాస్త్రముగా అభ్యసించుట తగదని 1971లో అదే గ్రంథమునకు పీఠిక వ్రాసెను.

1977లో సహచరులతో వెలువరించిన మరియొక గ్రంథమున 253 నమూనాలు గలవు. గదికి రెండు వైపుల వెలుతురుండవలెననునది ఒకటి. ఆరడుగుల వెడల్పైన లేని వసారాను జనులు వాడరనునది మరియొకటి. 242వది, వీధివాకిలి కడ కూర్చుండుటకు ఆసనము. దానిని మనము అరుగందుము!

విల్ రైట్ అను అమెరికా దేశీయుడు 1991లో ఓక్లండు అగ్నిప్రమాదమున ఇల్లు కోల్పోయి, సంసారమును మరల కూర్చుకొనుచు ఆలోచించి, 2000లో 'ది సిమ్స్' అను కంప్యూటరు ఆటను వెలువరించెను. అలెగ్జాండరు గ్రంథము తనకు ప్రేరణమని అతడే చెప్పెను. ఆడువాడు ఇల్లు కట్టును. బొమ్మమనుషులు అందు కాపురముండి, అది సుఖమో కాదో తెలుపుదురు. పిల్లలు ఆడునదెల్ల కాలహరణమని కసరు పెద్దలు ఈ ఆటనొకసారి చూడవలెను.

లేని భవనమున నడచిచూచు విద్యయు గలదు. 1968లో ఐవాన్ సదర్లాండు కప్పునుండి వ్రేలాడు తలతొడుగొకటి నిర్మించి, కంటికి లేని వస్తువులను చూపెను. పిమ్మట ఉత్తర కరొలీనా విశ్వవిద్యాలయమువారు సిట్టర్సన్ హాలును కట్టకమునుపే కంప్యూటరు చిత్రమున నడచిచూడగా, ఒక అడ్డగోడవలన నడవ ఇరుకుగా తోచినది. తొలుత ఒప్పుకొనని శిల్పులు తామును నడచినపిదప గోడను జరిపిరి. దుర్యోధనుడు మయసభలో నీటిని నేలయనుకొని తడిసిపోయెను. అది కట్టినపిదప కలిగిన భ్రాంతి; ఇది కట్టకమునుపు చూచు భ్రాంతి. ఇందు కాలు జారినను చెడునది కాగితమే.

ఇక మన పటము. గదులు, బీరువాలకు చోటు, మేజాబల్లలు, అన్నియు నందున్నవి. అరుగు లేదు. వ్యయము తగ్గించుటకై తీసివేసిరట. ప్రతి ఉదయము అక్షరము రానివారు పత్రిక చదివించుకొని వినునది ఆ అరుగుమీదనే. వారు చందా కట్టరు; సభ్యుల పట్టికలో వారి పేర్లు లేవు; నా లెక్కలోను వారికి పద్దు లేదు. పటము గీసిన ఓవర్సియరుగారికి వారు కనబడకుండుటలో వింతయేమి?

తలతొడుగులు కొనుటకు మనకు ధనము లేదు. కాని పునాది త్రవ్వుటకు ముందు ముగ్గు పోయుట మన మేస్త్రీల వాడుకయే కదా! ఆ ముగ్గును శంకుస్థాపనకు పదునైదు దినములు ముందుగనే, గోడకు గోడ, గుమ్మమునకు గుమ్మము, పూర్తి కొలతలతో పోయింతము. వృద్ధులు కఱ్ఱ పట్టుకొని, తల్లులు బిడ్డలనెత్తుకొని, పిల్లలు పరుగెత్తుచు ఆ గీతల నడుమ తిరుగవలెను. ఎవరెచ్చట ఆగుదురో, ఎచ్చట కూర్చుండజూతురో నేను వ్రాసికొందును. ముగ్గును దారపుకండెయు నా వంతు. వచ్చు ఆదివారము ఉదయము 7 గంటలకు స్థలమునకు దయచేయుడు. పటముపై సంతకములు అటుపిమ్మట చేయుదము.