బొగ్గుగనులలోని ప్రమాదములు – ఆపన్నరక్షణ

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



భూమిపైని లెక్కలు వ్రాసికొనువాడు భూగర్భమును గూర్చి ప్రసంగించుట యేమని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. నా విద్య యంతయు సర్వే పటములు, అడంగళ్ళు. ఆపైన నాకు తెలిసినది ఈ గ్రంథాలయము పెట్టిన భిక్ష. వరియు చెఱకును పండించుకొను చీడికాడవారికి బొగ్గుతో ఏమి పని యనియు ననవచ్చును. ఒకప్పుడు అనకాపల్లినుండి బెల్లమును మోసికొనిపోయిన రైళ్ళను లాగినది బొగ్గు. నేడు పరవాడవద్దనున్న సింహాద్రి విద్యుత్కేంద్రము బొగ్గును మండించియే నడచుచున్నది. ఆ బొగ్గుకై చీకటిలోనికి దిగినవారు పైకి రాలేనినాడు ఏమి జరుగునో తెలిసికొనుట మనకు తగని పని కాదు.

తెలుగునాట బొగ్గనగానే సింగరేణి. 1871లో భూగర్భశాస్త్రజ్ఞుడు విలియం కింగు ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ త్రవ్వకపు హక్కులను పొందెను. ఇప్పటి సింగరేణి కంపెనీ 1920 డిసెంబరు 23న ఏర్పడినది. ఇల్లెందునుండి కొత్తగూడెము, బెల్లంపల్లి, మందమఱ్ఱి, రామగుండము, భూపాలపల్లి వరకు గోదావరి వెంబడి గనులు విస్తరించినవి. ఇప్పుడు పైపొరను తొలగించి త్రవ్వు ఉపరితల గనులే హెచ్చు. భూమిలోపల పనిచేయు గనులును ఉన్నవి. నేను చెప్పబోవునది వానిని గూర్చియే.

లోపల మొదటి శత్రువు తలమీది కప్పు. బొగ్గు తీయుచు నడుమ నడుమ స్తంభములను విడుతురు. కొంతకాలమునకు ఆ స్తంభములనుగూడ తీసికొనుచు వెనుకకు జరుగుదురు. అప్పుడు కప్పు దిగబడును. కుమ్మరివద్ద కుండను కొనునప్పుడు మన స్త్రీలు వ్రేలితో కొట్టి ధ్వనిని విందురు గదా! గనిలోని అనుభవజ్ఞులును కప్పును ఇనుపకడ్డీతో తట్టి విందురు. ఖంగుమన్న రాయి నమ్మదగినది. బోలుగా పలికినది పైపొరనుండి విడివడుచున్నది. ఆసరాగా నిలిపిన కఱ్ఱ విఱుగుటకు ముందు కిఱ్ఱుమని హెచ్చరించునని పాత పనివారు దానిని ప్రేమింతురు. అయినను 2003 అక్టోబరు 16న గోదావరిఖని ఎనిమిది-ఏ గనిలో కప్పు కూలి 10 మంది మరణించిరి.

రెండవ శత్రువు గాలి. బొగ్గుపొరలనుండి వెలువడు మీథేను గాలిలో నూటికి 5 పాళ్ళు మొదలు 15 పాళ్ళవరకు కలసియున్నచో నిప్పురవ్వ తగిలిన చాలును, ప్రేలును. ఆ ప్రేలుడు బొగ్గుధూళిని రేపి, ధూళియు మండి, మైళ్ళకొలది పాకగలదు. మంటకు చిక్కనివారిని పిమ్మట మిగిలిన కార్బన్ మోనాక్సైడు చంపును. దానికి రంగు లేదు, వాసన లేదు. 1815లో హంఫ్రీ డేవీ దీపజ్వాల చుట్టును తీగవలను చుట్టి, మంట బయటి వాయువునకు అంటుకొనకుండ చేసెను. ఆ జ్వాల నీలిటోపి పెట్టినచో మీథేను కలదు. మందగించినచో ప్రాణవాయువు తక్కువ.

ఈ పరీక్ష మనకు క్రొత్త కాదు. పాడుబడిన బావిలోనికిగాని ధాన్యపు పాతరలోనికిగాని దిగుటకు ముందు మన పెద్దలు త్రాటితో దీపమును దింపి చూచెడివారు. అడుగున బొగ్గుపులుసుగాలి నిలిచియున్నచో దీపమారును. కాని దీపము వెలిగినంతమాత్రమున ధైర్యపడరాదు. కార్బన్ మోనాక్సైడు దీపమును ఆర్పకయే మనిషిని ఆర్పును. అందుచేతనే ఆంగ్లదేశపు గనులలో హాల్డేనను శాస్త్రజ్ఞుని సలహాపై చిన్న పిట్టలను పంజరములలో తీసికొనిపోయిరి. 1986వరకును ఆ పద్ధతి సాగినది. మరుగుదొడ్డి గుంటలవద్దనైతే దీపమే అపాయము; అచ్చటి వాయువులు అంటుకొనును.

మూడవది నీరు. దీనిని గూర్చి కొంచెము విరివిగా చెప్పుటకు అనుజ్ఞ వేడుచున్నాను, ఏలయన ఇది నా వృత్తికి చుట్టము. పని చాలించిన పాత గనులు నీటితో నిండియుండును. క్రొత్త గనివాడు త్రవ్వుకొనుచుపోయి నడిమి గోడను ఛేదించెనా, ఒక చెఱువు మీద పడినట్లే. 1975 డిసెంబరు 27న ధనబాదు ప్రాంతపు చాస్‌నాలాలో పైనున్న పాత గనినీరు క్రిందికి ఉఱికి 375 మంది జలసమాధియైరి. సింగరేణిలో 2003 జూను 16న గోదావరిఖని ఏడవ గనిలోనికి నీరు చొఱబడి 17 మంది పోయిరి. కోణాం జలాశయపు గట్టు నెఱిగిన మీకు నిలిచిన నీటి బరువు చెప్పనక్కఱలేదు.

నీటికి గోడ ఎంత దూరమున నున్నదో చెప్పునది పటము. పటమున ఒక గీత తప్పినచో పైన మనము తగవులాడుకొని న్యాయస్థానమునకు పోదుము. క్రింద మనుష్యులు పోవుదురు. అమెరికాలో 2002 జూలైలో క్వీక్రీక్ అను గనిలో జరిగినది వినుడు. ప్రక్కనున్న పాత గనియొక్క కడపటి పటము వారివద్ద లేదు. ఇంకను చాల దూరమున్నదని తలచి త్రవ్వుచుండగా నీరు మీదపడినది. తొమ్మండుగురు లోపల చిక్కిరి. అప్పుడు పైన కొలతగాండ్రు లెక్కించి, పొలములో ఒక గుఱుతు పెట్టిరి. ఆ చోటునుండి ఆఱంగుళముల రంధ్రమును సుమారు 240 అడుగులు దింపగా అది నేరుగా వారున్న చోటనే పడినది. లోపలివారు గొట్టమును తొమ్మిదిమార్లు కొట్టిరి. ఆ రంధ్రముగుండ గాలిని ఒత్తిడితో పంపి నీటిని దూరముగా నిలిపి, వెడల్పైన మఱియొక రంధ్రమును తొలిచి, 77 గంటలకు అందఱిని తీసిరి. పటము తప్పి ముంచినది, కొలత కుదిరి తేల్చినది. రక్షణ యనునది ప్రమాదము జరిగిన దినమున ఆరంభమగునది కాదనియు, ఏండ్లకు ముందు ఎవడో గుమాస్తా గీచిన గీతలోనే ఆరంభమగుననియు నా దృఢాభిప్రాయము.

మనదేశమున 1989 నవంబరు 13న వంగదేశపు రాణీగంజిలో మహావీర్ గనికి ఇట్టి ఆపదయే వచ్చినది. 71 మంది చిక్కిరి, ఆఱుగురు మునిగిపోయిరి. జస్వంత్ సింగ్ గిల్ అను ఇంజనీరు 22 అంగుళముల రంధ్రమును తొలిపించి, అందులో పట్టునట్టి ఇనుపపంజరమును చేయించి, తానే దిగెను. ఒక్కొక్కరిని పైకి పంపి, 65 మందియు చేరినపిమ్మట కడపట తాను పైకి వచ్చెను. 1991లో వారికి సర్వోత్తమ జీవనరక్షా పతకమిచ్చిరి.

ఇక ధర్మసంకటమొకటి కలదు. గనిలో నిప్పు పుట్టినచో దానిని చంపుటకు ద్వారములను మూసి గాలి లేకుండ చేయవలెను. లోపల మనుష్యులున్నచో? కిష్కింధలో ఈ కథ యున్నది. అన్న బిలములోనికి పోగా సుగ్రీవుడు ఏడాది కాచియుండి, నురుగుతోడి రక్తమును చూచి, వాలి చచ్చెనని యెంచి, కొండఱాతితో ద్వారమును మూసివచ్చెను. వాలి బ్రతికియే యుండెను. శ్యమంతకోపాఖ్యానమునను అంతే: కృష్ణుడు గుహలో దూరగా జనులు 12 దినములు కాచి ఇండ్లకు మరలిరి, ఆయన జాంబవంతునితో 28 దినములు పోరాడి తిరిగివచ్చెను. 1906 మార్చి 10న ఫ్రాన్సులోని కూర్యేర్ గనిలో ప్రేలుడువలన 1099 మంది మరణించిరి. ఇంక నెవరును మిగులలేదని అధికారులు త్వరలోనే వెదుకుట మానిరి. 20వ దినమున 13 మంది చీకటిలో త్రోవ వెదకికొనుచు తమంతట తామే బయలుపడిరి. పిమ్మట మఱియొకడును దొరకెను. సుగ్రీవుని తప్పు పట్టుట సులభము. బిలద్వారమున నిలుచుండి నిర్ణయించుట సులభము కాదు. ఐనను, చచ్చిరని అనుకొనుటకును చచ్చిరని తెలియుటకును నడుమనున్న దూరమును ఆ పదమువ్వురు మనకు కొలిచి చూపిరి.

మనదేశమున 1985 నాటి గనుల రక్షణ నియమములనుబట్టి శిక్షితులైన రక్షకదళములుండవలెను. వారు ప్రాణవాయువు నిండిన యంత్రములను వీపున కట్టుకొని, నాయకుని వెంట జట్టుగా దిగుదురు. వారికై మఱియొక జట్టు మంచిగాలి యున్న తావున సిద్ధముగా కాచియుండును. తిరిగివచ్చుటకు చాలినంత ప్రాణవాయువును మిగుల్చుకొనియే ముందునకు పోవలెను. ఇంకొక పదిబారలలో మూలుగు వినబడుచున్నను, కొలత ముగిసినచో మరలవలెను. ఇది విన్నప్పుడు కఠినముగా తోచును. మన పల్లెలలో జరుగునది దీనికి విరుద్ధము. బావిలో ఒకడు సొమ్మసిల్లగానే తమ్ముడు దూకును, వానికై బావమఱది, మూడు శవములు లేచును. ఆ ప్రేమను నేను చిన్నచూపు చూచుటలేదు. కాని పైనుండి త్రాడు వేయక, నడుమునకు త్రాడు కట్టుకొనక, గాలి ఆడింపక, అగ్నిమాపకదళమునకు వర్తమానమంపక దిగినవాడు రక్షకుడు కాడు, రెండవ ఆపన్నుడు.

నియమములన్నియు పాటించువారికిని భద్రత హామీ లేదు. 2022 మార్చి 7న రామగుండము ప్రాంతపు అడ్రియాల గనిలో కప్పు, ప్రక్కగోడ కూలగా కొందరు సజీవులై బయటపడిరి, మువ్వురు మరణించిరి. అందొకరు భద్రతాధికారియే. 2025 ఫిబ్రవరి 22న శ్రీశైలము ఎడమకాల్వ సొరంగము దోమలపెంటవద్ద కూలి 8 మంది చిక్కినప్పుడు, అది బొగ్గుగని కాకపోయినను, సింగరేణి రక్షకదళమువారు పోయిరి. సుమారు 14 కిలోమీటర్ల లోతున బురద, ఊటనీరు. రెండు నెలల వెదుకులాటలో ఇరువురి దేహములు మాత్రమే లభించినవి.

గనిముఖమున దీపముల గది యొకటి యుండును. దిగు ప్రతివాడును తన సంఖ్యగల దీపమును తీసికొనును, పైకి వచ్చి మరల నొప్పగించును. హాజరుపట్టీలో దిగినవేళ, వచ్చినవేళ వ్రాయుదురు. ప్రమాదపు కూత విన్న రాత్రి అధికారులు మొట్టమొదట పరుగెత్తునది ఆ గదికే. ఏ కొక్కెము ఖాళీగా నున్నదో చూతురు, పట్టీలో వచ్చినవేళ వ్రాయని పేరులను ఒక కాగితముపై ఎత్తి వ్రాయుదురు. బయట స్త్రీలు పిల్లలనెత్తికొని నిలిచియుందురు. గుమాస్తా ఆ కాగితమును పట్టుకొని గుమ్మములోనికి వచ్చి, దీపము దగ్గఱకు జరిగి, మొదటి పేరు చదువును.