రేపటి మాట దేనిమీద నిలుస్తుంది?



పల్లెబడుల్లో, చిన్న ఊళ్ళ కాలేజీల్లో నల్లబల్ల ముందు నిలబడి తరాల తరబడి ఇంగ్లీషు చెప్పిన పంతుళ్ళ స్మృతికి ఈ ఉపన్యాసం అంకితం. వారు ఓపికగా చెప్పిన పాఠాల్లో భవిష్యత్కాలం ఒకటి. వర్తమానానికి ఒక గడి, భూతానికి ఒక గడి, భవిష్యత్తుకు ‘షల్’, ‘విల్’ ఉన్న మూడో గడి. ఆ పట్టిక గుర్తు పెట్టుకోవడం తేలిక. కానీ ఇంగ్లీషు ఇంటిభాషగా ఉన్నవాళ్ళు ఆ పట్టిక ప్రకారం మాట్లాడరు. రేపటి సంగతి చెప్పడానికి వాళ్ళకు కనీసం అరడజను దారులున్నాయి. ఏ దారి పట్టాలన్నది కాలాన్ని బట్టి తేలదు, చెప్పేవారి మాటకు ఆధారమేమిటన్న దాన్ని బట్టి తేలుతుంది. ఈ ఉపన్యాసం చెప్పదలచింది ఆ ఒక్కటే.

ముందు ఒక మౌలికమైన విషయం. ఇంగ్లీషు క్రియ తన రూపాన్ని మార్చుకుని చూపే కాలాలు రెండే: ‘గో’, ‘వెంట్’. సంస్కృతంలో ‘గమిష్యతి’ లాంటి రూపం, ఫ్రెంచిలో భవిష్యత్తుకు పెట్టిన ప్రత్యయం ఇంగ్లీషుకు లేవు. ప్రాచీన ఆంగ్లంలో వర్తమాన రూపమే రేపటికీ సరిపోయేది. ఈనాటి ‘విల్’ అప్పట్లో ‘కోరుకొను’ అన్న అర్థమిచ్చే క్రియ, ‘షల్’ ‘బాకీపడు’ అన్న అర్థమిచ్చే క్రియ. కోరికా బాధ్యతా నెమ్మదిగా అరిగి భవిష్యత్ సూచకాలయ్యాయి. క్వర్క్, గ్రీన్‌బామ్, లీచ్, స్వార్ట్‌విక్ కలిసి 1985లో వెలువరించిన బృహద్వ్యాకరణమూ, హడిల్‌స్టన్, పుల్లమ్‌ల 2002 నాటి కేంబ్రిడ్జి వ్యాకరణమూ ఈ విషయంలో ఒకే మాట మీద ఉన్నాయి: ఇంగ్లీషులో భవిష్యత్తును తెలిపే పద్ధతులు చాలా ఉన్నాయి గాని, భవిష్యత్కాలమనే క్రియారూపం లేదు.

మరి ‘ఐ షల్, యూ విల్, హి విల్’ అన్న సూత్రం ఎక్కడిది? 1653లో జాన్ వాలిస్ ఒక ఇంగ్లీషు వ్యాకరణం రాశాడు. ఆయన ఆక్స్‌ఫర్డులో జ్యామితి ఆచార్యుడు. గణితంలో అనంతానికి ఈనాడు వాడుతున్న గుర్తును ప్రవేశపెట్టిందీ ఆయనే. వ్యాకరణాన్ని లాటిన్‌లో రాశాడు, పరాయి దేశస్థులకు ఇంగ్లీషు నేర్పాలని. ఉత్తమపురుషలో ‘షల్’ అంటే జరగబోయేది చెప్పడం, ‘విల్’ అంటే మాట ఇవ్వడమో బెదిరించడమో అన్నాడు. మధ్యమ, ప్రథమ పురుషల్లో ఇది తలకిందులవుతుందన్నాడు. పద్దెనిమిదో శతాబ్దపు వ్యాకర్తలు దీన్ని అందుకున్నారు, బడిపుస్తకాలు శాసనం చేశాయి. నీళ్ళలో పడినవాడు ‘ఐ విల్ డ్రౌన్, నోబడీ షల్ సేవ్ మీ’ అని అరిచాడట, నేను మునిగే తీరతాను, నన్నెవరూ కాపాడరాదు అన్న అర్థం వచ్చి ఒడ్డున ఉన్నవాళ్ళు ఊరుకున్నారట. సూత్రాన్ని నూరిపోయడానికి పాత పంతుళ్ళు చెప్పిన కథ ఇది.

నిజంగా జనం అలా మాట్లాడారా? అమెరికన్ భాషావేత్త చార్ల్స్ ఫ్రైస్ 1925లో ఈ ప్రశ్నకు లెక్కలతో జవాబిచ్చాడు. నాటకాల్లోని సంభాషణలు వడపోస్తే ఉత్తమపురుషలో కూడా ‘విల్’దే పైచేయి అని తేలింది. మరో సాక్ష్యం 1940 జూన్ 4న చర్చిల్ బ్రిటిష్ పార్లమెంటులో చేసిన ప్రసంగం. సముద్రతీరాల్లో, పొలాల్లో, వీధుల్లో పోరాడతామంటూ ఆయన పదేపదే వాడింది ‘వియ్ షల్’. సూత్రం ప్రకారం అది వట్టి జోస్యం కావాలి. విన్న ప్రతివారికీ అది ప్రతిజ్ఞగానే వినిపించింది.

‘షల్’ ఈనాడు గట్టిగా నిలబడి ఉన్న చోటు చట్టం. భారత రాజ్యాంగం 52వ అధికరణం రాష్ట్రపతి పదవి ఉండాలని చెప్పేటప్పుడు ‘షల్’ వాడింది. అది రేపటి కబురు కాదు, ఆదేశం. అక్కడా చిక్కులు తప్పలేదు. ప్రభుత్వోద్యోగులపై క్రమశిక్షణ చర్యల్లో పబ్లిక్ సర్వీస్ కమిషన్‌ను సంప్రదించాలని 320వ అధికరణం ‘షల్’తోనే చెబుతుంది. ఆ సంప్రదింపు జరగనంత మాత్రాన చర్య చెల్లకుండా పోదని, అక్కడి ‘షల్’ మార్గదర్శకం మాత్రమేనని 1957లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇలాంటి సందిగ్ధం వల్లనే అమెరికా ఫెడరల్ కోర్టుల సివిల్ విధాన నియమాలను 2007లో తిరగరాసినప్పుడు ‘షల్’ను తీసేశారు. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవారి కోసం 1997లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2119 పత్రం ‘మస్ట్’, ‘షల్’ రెండింటికీ ఒకే అర్థం కట్టింది: తప్పనిసరి. హైదరాబాదులో, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ పని చేసే తెలుగువారు ఆ అర్థంలో ‘షల్’ను తరచూ చదువుతుంటారు.

ఇక రోజువారీ మాట. ఇంట్లో పాలు అయిపోయాయని ఎవరో అన్నారు. ‘ఐ విల్ గెట్ సమ్’ అంటే, ఆ మాట విన్నాకే తెద్దామని అనుకున్నారన్నమాట. ‘ఐ నో, ఐ యామ్ గోయింగ్ టు గెట్ సమ్’ అంటే ఆ సంగతి ముందే తెలుసు, తేవాలని ముందే అనుకున్నారు. పని ఒకటే, తేవడం కూడా ఆ సాయంత్రమే. తేడా అంతా నిర్ణయం ఎప్పుడు జరిగిందన్న దాంట్లోనే ఉంది.

‘గోయింగ్ టు’కు రెండో పని ఉంది. కళ్ళెదుట ఉన్న ఆనవాలును బట్టి ఏం జరగబోతోందో చెప్పడం. మబ్బు కమ్ముకుంది, ‘ఇట్ ఈజ్ గోయింగ్ టు రెయిన్’. ఆనవాలు లేకుండా అభిప్రాయంగా చెప్పేటప్పుడు ‘ఐ థింక్ ఇట్ విల్ రెయిన్’ అనడం సహజం. అయితే ఇది కంచె కాదు. చాలా జోస్యాల్లో రెండూ చెల్లుతాయి, ‘గోయింగ్ టు’ మాత్రం రాతలో కన్నా మాటలో ఎక్కువ.

ఇతరులతో మాట్లాడుకుని ఏర్పాటు చేసుకున్న పనికి వర్తమానమే చాలు: ‘ఐ యామ్ మీటింగ్ ది డాక్టర్ టుమారో’. అపాయింట్‌మెంటు తీసుకున్నారని ఆ వాక్యమే చెబుతుంది. వానతో ఎవరూ ఏర్పాటు చేసుకోలేరు కనుక ‘ఇట్ ఈజ్ రెయినింగ్ టుమారో’ కుదరదు. మనిషి ఇష్టంతో పనిలేని పట్టికలకు, అంటే రైళ్ళకు, పరీక్షలకు, సెలవులకు ఇంకా సాదా రూపం చాలు: ‘ది ట్రైన్ లీవ్స్ ఎట్ ఫైవ్’. ఎదుటివారి మీద ఒత్తిడి పెట్టకుండా అడగాలంటే మరో దారి ఉంది. ‘విల్ యూ యూజ్ ది కార్?’ అన్నది వాడమని కోరినట్టూ ధ్వనించవచ్చు. ‘విల్ యూ బి యూజింగ్ ది కార్?’ అంటే మీ కార్యక్రమం ఏమిటో తెలుసుకుందామని మాత్రమే.

ఇదంతా తెలుగు పిల్లలకు కొత్త లోకం అనుకుంటే పొరపాటు. ఈ వివేకం వాళ్ళ నోట్లోనే ఉంది. ‘రోజూ వస్తాను’, ‘రేపు వస్తాను’ అంటూ తెలుగు ఒకే రూపాన్ని అలవాటుకూ భవిష్యత్తుకూ వాడుతుంది. టిక్కెట్టు కొన్నాక ‘రేపు వస్తున్నాను’ అంటాం, ఇంగ్లీషువాళ్ళూ సరిగ్గా అలాగే అంటారు. ఆకాశం చూసి ‘వాన వచ్చేలా ఉంది’ అంటాం. మనసులో మాట ఇంకా ముడిపడనప్పుడు ‘స్కూటరు కొందామనుకుంటున్నా’ అంటాం. పత్రికల్లో ‘ముఖ్యమంత్రి రేపు ప్రారంభించనున్నారు’ అని చదువుతాం. ఇంగ్లీషు పత్రికలు ‘ఈజ్ టు ఇనాగరేట్’ అనేది ఆ సందర్భంలోనే.

ఇంకా లోతైన పోలిక ఒకటుంది. ‘రాబోతున్నాడు’లోని ‘బోతు’ మన ‘పో’ ధాతువే. ఇంగ్లీషులోనూ ‘గోయింగ్ టు’ మొదట నడకకు సంబంధించినది, పదిహేనో శతాబ్దం చివరి నుంచి భవిష్యత్తుకు జారింది. ఎంతగా జారిందంటే మాటలో ‘గన్నా’ అని కుదించుకుపోయింది. ‘ఐ యామ్ గన్నా స్లీప్’ అంటారు గాని ‘ఐ యామ్ గన్నా స్కూల్’ అనరు, ఎందుకంటే రెండోది నిజమైన నడక. ‘పంపబోయాను, ఇంతలో కరెంటు పోయింది’ అన్న మాట ‘ఐ వాజ్ గోయింగ్ టు సెండ్ ఇట్’ అన్నదానికి అచ్చమైన జంట. ఏ బంధుత్వమూ లేని రెండు భాషలు ఒకే దారిలో నడిచాయి.

అయితే రెండు భాషల రూపాలూ ఒకదానికొకటి లెక్కగా అతకవు. మన ‘వస్తాను’లో నిర్ణయం, వాగ్దానం, అలవాటు అన్నీ ఇమిడిపోతాయి. ఇంగ్లీషులో వాటిని విడదీయాలి. పిల్లలు ఎక్కువగా తడబడేది ‘ఇఫ్’ దగ్గర. ‘ఇఫ్ ఇట్ విల్ రెయిన్, ది మ్యాచ్ విల్ స్టాప్’ అని రాస్తారు. ‘వాన పడితే’ అనేటప్పుడు మనమూ భవిష్యత్తును గుర్తించే రూపమేదీ వాడమని చూపిస్తే చాలు, ‘ఇఫ్ ఇట్ రెయిన్స్’ అతి సహజంగా నిలుస్తుంది. ‘ఇఫ్ యూ విల్ వెయిట్’ అన్న మర్యాదమాటలో ‘విల్’ కనిపిస్తుందంటే, అక్కడ అది కాలం కాదు, పాత ‘ఇష్టపడు’ అన్న అర్థం.

ఈ తేడాలు పరీక్ష మార్కులకే పరిమితం కావు. ఆఫీసులో ‘ఐ విల్ సెండ్ ఇట్ బై ఫైవ్’ అన్న ఉత్తరాన్ని ఎదుటివారు మాట ఇచ్చినట్టే తీసుకుంటారు. అమెరికా వలస చట్టంలోని 214(బి) సెక్షన్ ప్రకారం తాత్కాలిక వీసా కోరేవారిలో చాలామందిని, వేరుగా రుజువయ్యేదాకా, స్థిరపడటానికి వస్తున్నవారిగానే భావిస్తారు. చదువు వీసాకు స్వదేశంలోని నివాసాన్ని వదులుకునే ఉద్దేశం ఉండకూడదు. ఏటా ఆ కౌంటర్ ముందు నిలబడే తెలుగు విద్యార్థులను అధికారి అడిగేది వారి ఉద్దేశమే. ముందే ఆలోచించి తేల్చుకున్న సంగతిని అప్పుడే తోచినట్టు వినిపించే వాక్యంలో చెబితే, నిజం చెప్పినా అది తేలికపడుతుంది.

హైదరాబాదులో 1958లో ఇంగ్లీషు బోధన కోసమే ఒక కేంద్ర సంస్థ వెలిసింది. ఈనాడు అది ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ). ఇంతటి వనరు ఉన్న చోట తరగతి గది ఇంకా వాలిస్ సూత్రం నీడలోనే ఉండనక్కరలేదు. ఉపాధ్యాయులకు విన్నపం ఇది. ‘ఫ్యూచర్ అంటే విల్’ అని మొదలుపెట్టకండి. ఈ మాట ఇప్పుడే తోచిందా, ముందే అనుకున్నదా, ఎవరితోనైనా ఏర్పాటైందా, పట్టికలో ఉందా, కళ్ళెదుట ఆనవాలుందా అని పిల్లలను ముందు తెలుగులోనే అడగండి. ప్రశ్నపత్రాలు తయారు చేసేవారు సందర్భం చెప్పకుండా ఖాళీ ఇవ్వడం మానాలి. రెండు జవాబులు చెల్లే చోట రెండింటికీ మార్కులు వేయాలి.