బరువు దించుకోవడమూ ఒక విద్యే



మనసు బాగోలేదని చెప్పి మానసిక వైద్యుడి దగ్గరికి వచ్చే మగవాళ్లు తక్కువ. ఒంట్లో బాగోలేదనే వస్తారు. గ్యాస్ పైకి తంతోందంటారు, గుండె దడ అంటారు, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోందంటారు. అప్పటికే ఈసీజీ, ఎండోస్కోపీ అన్నీ అయి ఉంటాయి. రిపోర్టుల్లో ఏ తేడా ఉండదు. ఇంటివాళ్లను కాసేపు బయట కూర్చోమని, "ఇంట్లో ఎలా ఉందండీ?" అని అడిగితే చాలు, కళ్లనిండా నీళ్లు తిరుగుతాయి. అబ్బాయి చదువుకు చేసిన అప్పో, ఊడిన ఉద్యోగమో, అన్నదమ్ముల తగాదానో అప్పుడు బయటపడుతుంది. ఆ ఒంటి బాధలేవీ అబద్ధం కాదు. నోటితో చెప్పుకోలేనిది ఒంట్లో బయటపడుతుంది, అంతే.

"నా వల్ల కావడం లేదు" అని నమ్మకమైన మనిషి దగ్గర అనగలగడం చేతకానితనం కాదు. అది నేర్చుకోవలసిన విద్య. మన మగపిల్లలకు మనం నేర్పకుండా వదిలేసిన విద్య.

నేర్పకపోయినందుకు చెల్లిస్తున్న మూల్యం చిన్నది కాదు. 2015-16లో జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ సర్వేలో, పెద్దవాళ్లలో ప్రతి పదిమందిలో సుమారు ఒకరు ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని తేలింది. వాళ్లలో ఎక్కువమందికి చికిత్సే అందడం లేదు. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో ఆత్మహత్య చేసుకున్న ప్రతి పదిమందిలో ఏడుగురు మగవాళ్లే.

నోరు విప్పి చెప్పుకున్న మగవాళ్లూ ఉన్నారు. క్రికెటర్ విరాట్ కోహ్లీ సంగతి చూడండి. 2014 ఇంగ్లండ్ పర్యటనలో ఐదు టెస్టుల్లో, పది ఇన్నింగ్స్‌లో కలిపి చేసినవి 134 పరుగులు. చుట్టూ ఎంతమంది ఉన్నా ఒంటరిగా అనిపించిందని, ఆ రోజుల్లో కుంగుబాటు అనుభవించానని 2021లో ఆయనే చెప్పారు. 2018లో అదే ఇంగ్లండ్‌లో 593 పరుగులు చేశారు. కుంగిపోయిన మనిషి మళ్లీ లేవగలడనడానికి ఇదొక సాక్ష్యం. అంతకంటే నాకు విలువైనది, అంత పేరున్న మనిషి ఆ మాట నలుగురిలో అనడం. అది విన్న ఎందరో కుర్రాళ్లకు తమ బాధ సిగ్గుపడవలసింది కాదని తెలిసి ఉంటుంది.

చెప్పుకోవడమంటే కనబడ్డవాళ్లందరికీ చెప్పడమూ కాదు, వాట్సాప్ స్టేటస్ పెట్టడమూ కాదు, పసిపిల్లల మీద మన భారం వేయడమూ కాదు. గుట్టు దాచగల ఒక్కరిని ఎంచుకోవాలి. చెప్పాక సమస్య తీరిపోదు, కానీ దాని ఆకారం మారుతుంది. లోపల దాచినప్పుడు "మునిగిపోయాను" అనిపించిన అప్పు, కాగితం మీద రాస్తే ఇంత అసలు, ఇంత వడ్డీ, ముందు తీర్చవలసింది ఇది అని తేలుతుంది. ఎదుగుదల అక్కడ మొదలవుతుంది.

వినేవాళ్ల బాధ్యత ఇంకా పెద్దది. "మగాడివై ఉండి ఏడుస్తావేంట్రా", "అందరికీ ఉండేవేలే" అన్న ఒక్క మాటతో తెరుచుకున్న నోరు ఏళ్లపాటు మూతపడుతుంది. సలహాకు తొందరపడొద్దు. "ఎన్నాళ్లనుంచి ఇలా ఉంది? నిద్ర పడుతోందా?" అని అడగండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగడానికీ వెనకాడొద్దు. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, అడిగేవాళ్లున్నారన్న ధైర్యం పుడుతుంది.

దిగులు రెండు వారాలు దాటినా వదలకపోతే, నిద్ర, తిండి, పని దెబ్బతింటుంటే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. బీపీకి మందు వేసుకోవడానికి లేని నామోషీ దీనికెందుకు? 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ టెలి మానస్ సేవ 14416 నంబరులో రాత్రీ పగలూ ఉచితంగా అందుతుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.

నాదొక మనవి. ఈ వారంలో మీ పాత స్నేహితుడొకరికి ఫోన్ చేయండి. బాగోగులు అడిగి ఊరుకోకుండా, ముందు మీ కష్టం ఒకటి చెప్పండి. మీరు చెబితేనే ఆయనకూ నోరు పెగులుతుంది. ఈ విద్యకు బడి మనమే, మాస్టర్లమూ మనమే.