రక్తపరీక్ష కాగితము – రెండవ పరీక్ష యావశ్యకత



గ్రామమున నెవరికేని రక్తపరీక్ష కాగితము వచ్చినయెడల, దానిని చదివి చెప్పుమని పెద్దలయొద్దకే తెత్తురు. మీరు పలుకు నొక్క మాట ఆ యింటివారికి ధైర్యమైనను కావచ్చును, దిగులైనను కావచ్చును. అందుచేత హెపటైటిస్ సి యను కాలేయవ్యాధిని గూర్చిన కాగితము నెట్లు చదువవలెనో నేడు మనవి చేసెదను.

ఈ వ్యాధిని కలిగించు సూక్ష్మక్రిమిని శాస్త్రజ్ఞులు 1989లో గుర్తించిరి. దానికై మొదట చేయునది యాంటీబాడీ పరీక్ష. క్రిమితో పోరాడుటకు దేహము రక్తమున పుట్టించుకొను రక్షకపదార్థమే యాంటీబాడీ. కాగితముపై 'రియాక్టివ్' అని యున్నచో, క్రిమి యొకప్పుడు దేహమున ప్రవేశించియుండునని మాత్రమే సాధారణముగా అర్థము, ఇప్పుడున్నదని కాదు. పెరటిలో దొంగ అడుగుజాడలు కనబడినంతమాత్రమున దొంగ యింకను అచ్చటనే యున్నాడని చెప్పగలమా? క్రిమి సోకినవారిలో నూటికి 15 మొదలు 45 మందివరకు ఆరు నెలలలో మందు లేకయే దానిని పోగొట్టుకొందురు. జాడ మాత్రము చిరకాలము నిలుచును.

దొంగ యున్నాడా, లేడా యని తేల్చునది రెండవదగు ఆర్.ఎన్.ఏ. పరీక్ష. ఇందు క్రిమి కానరానిచో వ్యాధి ప్రస్తుతము లేదు, మందక్కరలేదు. కనబడినచో చికిత్స అవసరము. అచ్చటి అంకె పెద్దదైనను బెదరవలదు. కాలేయ మెంత చెడినదో ఆ యంకె తెలుపదు. అందులకు వేరు పరీక్షలు కలవు.

"ఒంట బాధ లేదుగదా, మందెందుకు?" అనువారు కలరు. ఈ వ్యాధి యనేక సంవత్సరములు చప్పుడు చేయక యుండి, కాలేయమును గట్టిపరచును. కొందరికి క్యాన్సరును కలిగించును. కామెర్లకు పోయు పసరుమందు దీనిని తొలగింపజాలదు. నేడు సాధారణముగా 12 వారములు మాత్రలు మ్రింగిన, నూటికి 95 మందికి పైగా నయమగుచున్నది. చికిత్సకు ముందు హెపటైటిస్ బి పరీక్షయు చేయింపవలెను. అది దాగియున్నచో ఈ మందులు వాడునప్పుడు విజృంభింపవచ్చును. మందు ముగిసిన 12 వారములకు మరల ఆర్.ఎన్.ఏ. పరీక్ష చేయించి, క్రిమి లేదని రూఢి చేసికొనవలెను. మొదటి పరీక్షను మరల చేయించుట నిష్ప్రయోజనము. కాలేయము ముదిరి గట్టిపడినవారు నయమైన పిమ్మటను ఆరు నెలలకొకమారు స్కానింగు చేయించుకొనవలెను.

భారత ప్రభుత్వము 2018 జులై 28న ప్రారంభించిన జాతీయ కార్యక్రమము క్రింద ఈ పరీక్షలును మందులును ఉచితము.

ఇది రక్తముద్వారా సోకును. శుద్ధిచేయని సూదులు, ఒకరికి వాడిన క్షౌరపు కత్తి ప్రమాదకరములు. సహపంక్తి భోజనమువలనగాని, చేయి తాకుటవలనగాని రాదు. రోగికి వేరు కంచము, వేరు చెంబు పెట్టుట అన్యాయము.

కావున కాగితము తెచ్చినవానితో, "నాయనా, ఇది జాడ మాత్రమే. రెండవ పరీక్ష చేయించుకొనుము, నేనును తోడు వచ్చెదను" అని చెప్పుడు. ఆ మాట యొక ప్రాణమును నిలుపవచ్చును.